ఒంటరిగా సర్వేకు పోయే ఆడపిల్లకు: నల్లగొండ పొలాల్లో పద్దెనిమిదేళ్లు తిరిగి నేర్చుకున్నవి

చెల్లె, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. 2025లో లైసెన్స్‌డ్ సర్వేయర్ శిక్షణ పూర్తి చేశావు, దేవరకొండ దగ్గర ఉంటావు, స్కూటీ మీద ఒక్కదానివే ఊళ్లకు పోవాలి. పెప్పర్ స్ప్రే కొనాలా అని అడిగావు. అమ్మ భయపడి తమ్ముణ్ని వెంట తీసుకుపొమ్మంటోందన్నావు. చివరికి, చందంపేట వైపు ఇద్దరు పాలోళ్ల (దాయాదుల) మధ్య గెట్టు, అంటే పొలం హద్దు, పంచాయితీ ఉన్న పని వచ్చింది, ఒప్పుకోవాలా వద్దా అన్నావు. అసలు సంగతి ఆ చివరి మాటలోనే ఉంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఇంట్లోవాళ్లు భయపడేది దారిలో ఎదురయ్యే ముక్కూమొహం తెలియని మనిషి గురించి. ఆ భయం ఉత్తది అనను. కానీ ఈ పద్దెనిమిదేళ్లలో నన్ను నిజంగా భయపెట్టినవాళ్ల పేర్లు దాదాపు అన్నీ నా చేతిలోని దరఖాస్తులోనే ఉన్నాయి. అయితే పిలిపించినవాడు, లేకపోతే పక్క సర్వే నంబరువాడు. మన దగ్గర టిప్పన్లు, అంటే ఒక్కో సర్వే నంబరు కొలతలు రాసిన పాత పటాలు, నిజాం కాలం నాటివి. గొలుసుతో కొలిచిన ఆ లెక్కకూ, ఇవాళ ఉపగ్రహాల సాయంతో కొలిచే డీజీపీఎస్ మిషనులో వచ్చే లెక్కకూ, రైతు తాత ముత్తాతల నుంచి దున్నుతున్న గెట్టుకూ మధ్య తేడా వస్తుంది. ఆ తేడాకు కారణమైనవాడు చచ్చిపోయి అరవై ఏళ్లయి ఉండొచ్చు. కోపం మాత్రం ఆ పూట పొలంలో మిషను పెట్టుకుని నిలబడ్డ మనిషి మీదే పడుతుంది. పైగా ఇప్పుడు మన రాష్ట్ర భూమి రికార్డుల చట్టం భూభారతిలో రిజిస్ట్రేషన్‌కు సర్వే పటం జతచేయాలన్న ఏర్పాటు ఉంది. ఆ పటం మీద సంతకం నీది. అంటే నీ మీద ఒత్తిడి పెరుగుతుందే కానీ తగ్గదు.

నాకు జరిగింది చెప్తాను. 2012లో, పత్తి ఏరే కాలం. మునుగోడు వైపు ఒక ఊరు. ఇద్దరు అన్నదమ్ముల గెట్టు. నన్ను పిలిపించింది అన్న. వేపచెట్టు కింద సర్వే రాయి ఒక పక్కకు ఒరిగి, సగం మట్టిలో దొరికింది. టోటల్ స్టేషన్ (దూరం, కోణం కొలిచే మిషను) పెట్టి కొలిచాను. గెట్టు అన్న భూమిలోకి జరిగి ఉంది. "ఎంత పోయింది మేడం నాది?" అన్నాడు. నేను అక్కడే, గట్టు మీద నిలబడే, "ఒకటిన్నర గుంట" అన్నాను. ఒకటిన్నర గుంట అంటే నూట ఎనభై గజాలు దాటుతుంది. తమ్ముడు ఒక్క మాట మాట్లాడలేదు. చేతిలోని పార గట్టు మీద పెట్టాడు. నేరుగా నా బండి దగ్గరికి పోయి, దానికే ఉన్న తాళం లాగి బాయిలో పడేశాడు. తాళం నీళ్లలో పడ్డ చప్పుడు కూడా పైకి రాలేదు, అంత లోతు బాయి. "ఇగ నడుసుకుంట పో. మల్ల ఈ గెట్టు మీద కనపడితే నువ్వే పోతవ్ బాయిల" అన్నాడు. అటు తిరిగి చూస్తే అన్న అప్పటికే ఇంటి దారి పట్టాడు. ఆ రోజు నాకు కొలతల్లో సాయం చేసే చైన్‌మన్ రాలేదు. పొద్దు గూకుతోంది, రోడ్డు మూడు కిలోమీటర్లు, భుజం మీద ట్రైపాడ్, చేతిలో మిషను పెట్టె.

నన్ను ఆ పొద్దు ఊరు చేర్చింది పత్తి ఏరి తిరిగొస్తున్న కూలి ఆడోళ్లు. తొమ్మిది మంది. ఏం జరిగిందని ఒక్కరూ అడగలేదు. అందులో ఒక ముసలమ్మ నా భుజం మీది ట్రైపాడ్ తీసుకుని, "గింత బరువు ఎట్ల మోస్తవ్ బిడ్డా, ఇటియ్యి" అని తన పత్తి మూట మీదే అడ్డంగా పెట్టుకుంది. నన్ను మధ్యలో పెట్టుకుని నడిచారు. ఊరి మొదట్లో బస్సు ఎక్కేదాకా ఇద్దరు నిలబడే ఉన్నారు.

ఆ రోజు తర్వాత నేను పొలంలో లెక్క చెప్పడం మానేశాను. నువ్వు కూడా చెప్పొద్దు. రైతు ఎంత బతిమాలినా, "జెర సూచాయగా చెప్పరాదు" అన్నా, నీ సమాధానం ఒకటే: "టిప్పన్‌తో పోల్చి లెక్క వేయాలె, కాగితం మీద వస్తది, ఇద్దరికీ ఒకేసారి ఇస్త." ఇది తప్పించుకునే మాట కాదు, నిజం కూడా అదే. పొలంలో కొలతలు తీసుకోవడం వేరు, వాటిని టిప్పన్‌కు సరిపెట్టి హద్దు తేల్చడం వేరు. మొహంలో కూడా తెలియనీయొద్దు. మిషను లోపలికి చూసి తల ఎత్తగానే రెండు పక్షాలవాళ్లూ నీ మొహమే చూస్తారు. హద్దురాళ్లు పాతేది ఇంకో రోజు పెట్టుకో, అదీ పంచుల (సాక్షుల) ముందర. కొలిచే రోజు, తేల్చే రోజు ఒకటి కాకపోతే సగం గొడవ పొలం దాకా రాదు.

ఆ కొలిచే రోజు కూడా నువ్వు ఒక్కదానివే, పిలిపించినవాడు ఒక్కడే ఉండే పని చేయొద్దు. చుట్టూ ఉన్న పట్టాదారులందరికీ ముందే నోటీసు పోవాలి, అందినట్టు సంతకం నీ దగ్గర ఉండాలి. చాలామంది కొత్త సర్వేయర్లు నోటీసును కాగితం పని అనుకుంటారు. నా లెక్కలో అది నీకు మొదటి రక్షణ. నోటీసు అందినవాడు కోపంగా వస్తాడు కానీ, చెప్పకుండా వచ్చి కొలిచారన్న కసితో రాడు. ఆ రెంటికీ చాలా తేడా ఉంది. మీదికి రాబోయేవాడి పక్కన ఇంకో నలుగురు పొరుగు రైతులు కూడా ఉంటారు. పంచనామాలో వచ్చినవాళ్ల పేర్లన్నీ రాయి. సంతకం పెట్టనన్నవాడిని బలవంతపెట్టకుండా "నిరాకరించినారు" అని రాసి, పక్కన ఇద్దరి సంతకాలు తీసుకో.

ముందే గొడవ వాసన వస్తే, బందోబస్తు కావాలని తహసీల్దారుకు రాతపూర్వకంగా పెట్టు. నోటిమాటగా అడిగింది లెక్కలోకి రాదు. రసీదు తీసుకో. బందోబస్తు దొరికేదాకా పని వాయిదా వేయి. రైతు అరుస్తాడు, "మేడంకు భయమైతదంట" అని నలుగురిలో అంటాడు. అననీ. 2019 నవంబర్ 4న అబ్దుల్లాపూర్‌మెట్ తహసీల్దారు విజయారెడ్డి గారిని పట్టపగలు ఆఫీసు గదిలోనే తగలబెట్టారు. ఆమెను కాపాడబోయి డ్రైవరు గురునాథం కూడా ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ రోజు రెవెన్యూలో, సర్వేలో పనిచేసే ప్రతి ఆడమనిషికీ ఇంటి నుంచి ఫోన్లు వచ్చాయి. భూమి దగ్గర మనిషి ఎంత దూరం పోగలడో చూశాం కాబట్టి, గొడవ వాసనను తేలిగ్గా తీసుకోవద్దనే చెప్తున్నాను. నీ ఉద్యోగం మానమని కాదు.

ఇక ఇంట్లో ఉంచాల్సిన కాగితం. వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ ఎనిమిది గంటలకు పెట్టి పంపడం మంచిదే, పంపు. కానీ డిండి దాటాక, నల్లమల అంచున సిగ్నల్ ఎక్కడ పోతుందో ఎవరికీ తెలియదు. కాబట్టి పొద్దున బయలుదేరేముందు ఒక కాగితం రాసి ఫ్రిజ్ మీదో గోడకో అంటించు. ఊరు, పిలిపించిన రైతు పేరు, అతని ఫోను, ఏ దారిన పోతున్నావు, పొలం దగ్గర ఏం గుర్తు ఉంది, ఎన్నింటికి ఫోన్ చేస్తావు. సర్వే నంబరు ఒక్కటే రాస్తే అమ్మకు ఏం తెలుస్తుంది? "మైసమ్మ గుడి దాటినంక ఎడమకు, రెండో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర" అని రాయి. ఆరింటికి ఫోన్ రాకపోతే ఆరున్నరకు ఎవరికి చెప్పాలి, ఏడింటికి ఏం చేయాలి అన్నది కూడా అదే కాగితంలో ఉండాలి. ఈ చివరి మాట రాయకపోతే ఇంట్లోవాళ్లు ఎనిమిదిదాకా "ఇప్పుడే వస్తదేమో" అనుకుంటూ కూర్చుంటారు.

112కు ఫోన్ చేయాల్సి వస్తే నీ దగ్గర మామూలు మనిషి దగ్గర లేనిది ఒకటి ఉంది: నువ్వు నిలబడ్డ చోటు అక్షాంశ రేఖాంశాలు. అవి డిగ్రీల్లో చెప్పు. రోవర్‌లో (డీజీపీఎస్‌లో చేత్తో పట్టుకు తిరిగే భాగం) ఈస్టింగ్, నార్తింగ్ అని మీటర్ల లెక్క చూపిస్తుంటే అవి చదవకు. ఆ లెక్క యూటీఎం అనే పద్ధతిలో జోన్ల వారీగా ఉంటుంది. మన నల్లగొండ 44వ జోన్‌లో ఉంటే నారాయణపేట 43లో పడుతుంది, ఆ అంకెలతో పోలీసులు నిన్ను వెతకలేరు. తెలంగాణ పోలీసుల టీ-సేఫ్ కూడా ఉంది, 2024 మార్చిలో మొదలైంది. ఒంటరి ప్రయాణాన్ని వాళ్లు గమనిస్తుంటారు. ఇంట్లో కూర్చుని ఒకసారి వాడి చూడు. అవసరం పడ్డ రోజే మొదటిసారి నొక్కుతూ కూర్చోవద్దు.

బండి సంగతి. తాళం ఎప్పుడూ నీ ఒంటి మీదే ఉండాలి, బ్యాగులో కాదు. రెండో తాళం డిక్కీలో కాకుండా పర్సులో. బండిని పొలం దాకా తేకుండా రోడ్డు పక్కన మనుషులు ఉండేచోట, అంగన్‌వాడీ ముందో కిరాణం ముందో, మొహం రోడ్డు వైపు పెట్టి ఆపు. దాని వల్ల కిలోమీటరు ఎక్కువ నడుస్తావు. ఆ నడకలో కలుపు తీసేవాళ్లు, నాట్లు వేసేవాళ్లు, పత్తి ఏరేవాళ్లు ఎక్కడెక్కడ ఉన్నారో తెలుస్తుంది. ప్రతి గుంపు దగ్గరా ఆగి పలకరించు. "అక్కా, నేను సర్వేకు వచ్చిన, ఆ తుమ్మచెట్ల దగ్గర ఉంట, మీరు పోయేటప్పుడు ఒక కేక వెయ్యుండ్రి" అను. వాళ్లు వేస్తారు, ఇన్నేళ్లలో నాకు ఒక్కసారి కూడా వేయకుండా పోలేదు. వాళ్లు పని ముగించి కదిలారంటే నువ్వు కూడా మిషను సర్దుకోవాలి. ఇంకో రెండు పాయింట్లే మిగిలాయి అనిపించినా సరే, రేపు తీయొచ్చు.

తమ్ముణ్ని తీసుకుపోవడం గురించి నా అభిప్రాయం అమ్మకు నచ్చకపోవచ్చు. వాడికి ఇరవై ఏళ్లన్నావు. గెట్టు మీద ఎవడో నిన్ను ఒక మాట అంటే వాడు ఊరుకోడు. మాట మాట పెరిగి గొడవ వాడిదైపోతుంది, నువ్వు కొలిచింది కూడా పనికిరాకుండా పోతుంది. ప్రిజం (మిషను గురి పెట్టే అద్దం ఉన్న కర్ర) పట్టుకోవడానికి నడివయసు ఆడమనిషిని కుదుర్చుకో. నా వెంట ఏడేళ్లుగా వచ్చేది మాకు అత్త వరుస అయ్యే ఆమె. చదువు లేదు, కానీ ప్రిజం పోల్ బబుల్ మధ్యలో నిలపడం నాకంటే బాగా చేస్తుంది. ఆమె "ఏమయ్యా, ఏందట్ల మీదికొస్తున్నవ్, ఆడపిల్ల కనపడ్తలేదా" అంటే ఎంత కోపంలో ఉన్నవాడైనా ఒక అడుగు వెనక్కి వేస్తాడు. అదే మాట తమ్ముడు అంటే కర్ర లేస్తుంది. ఆమె కూలి నీ ఫీజులోనే కలిపి ముందే రైతుకు చెప్పు. ఒక్కదానివే అయితే వచ్చే పైసలు ఎక్కువ మిగులుతాయి, నిజమే. మొదటి రెండేళ్లు ఆ మిగులు చూసుకోకు.

పైసల మాట వచ్చింది కాబట్టి: ఫీజు కొలతకు ముందే, ఫోన్‌పేలోనో గూగుల్‌పేలోనో తీసుకో. "సాయంత్రం బాయికాడికి రా, ఇస్త" అన్నచోటికి పోవద్దు. పని అయ్యాక దావత్ అంటారు, కోడి కోస్తామంటారు, కల్లు తెప్పిస్తారు. మన దిక్కు అది మర్యాదే, చాలామంది మనసులో కల్మషం ఉండదు. అయినా మోటరు కొట్టం దగ్గర, బాయి దగ్గర కూర్చోవద్దు. ఇంటికి రమ్మంటే, ఇంట్లో ఆడవాళ్లు ఉంటే, వంటింటి గడప దగ్గర కూర్చుని నాలుగు ముద్దలు తిను. ఆ ఇంటి ఆడవాళ్లతో పరిచయం అయితే రేపు ఆ ఇంటి మగవాడు కేకలు వేసినా నీ పక్షాన ఒక గొంతు ఉంటుంది. పనికి వేరే సిమ్ పెట్టుకో. రాత్రి తొమ్మిది తర్వాత దాన్ని ఆపేయి. వద్దన్నా పదే పదే ఫోన్లు, మెసేజ్‌లు పెట్టేవాడివి తుడిచేయకు, దాచు. అది వెంటపడటం కిందికి వస్తుంది, భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్.

ఎవరూ అడగని సంగతి ఒకటి చెప్పాలి. మన సర్వే జోరు పంటలు కోశాక, అంటే ఏప్రిల్, మే. నల్లగొండలో ఎండ నలభై నాలుగు దాటుతుంది. ఆ ఎండలో మనవాళ్లు నీళ్లు తాగరు. ఎందుకంటే తాగితే మూత్రానికి పోవాలి, పొలంలో చాటు ఉండదు, చుట్టూ మగవాళ్లు. నేను మొదటి ఐదేళ్లు అట్లాగే చేశాను. మూత్రంలో మంట, జ్వరం, రెండుసార్లు ఆసుపత్రి. ఒకసారి ఒక సర్వే రాయి దగ్గర కళ్లు తిరిగి పడిపోయాను, పక్కన ఎవరూ లేరు. ఒంటరిగా ఉన్న ఆడదానికి ఎండదెబ్బ తగిలి స్పృహ తప్పడం కంటే ప్రమాదం ఇంకేముంది? కాబట్టి ఊళ్లోకి అడుగుపెట్టగానే అంగన్‌వాడీ టీచరమ్మనో, బడినో, పంచాయతీ ఆఫీసునో చూసుకో. "అక్కా, మధ్యాహ్నం ఒకసారి వస్త" అని ముందే చెప్పు. పదకొండున్నరకు మిషను ఆపి అక్కడికి పో, మూడున్నరకు మళ్లీ మొదలుపెట్టు. మూడు లీటర్ల నీళ్లు, ఉప్పేసిన మజ్జిగ, ఓఆర్‌ఎస్ పొట్లాలు వెంట ఉండాలి. ట్రైపాడ్ పక్కన పాతే పెద్ద గొడుగు మిషనుకు ఎంత అవసరమో నీకూ అంతే అవసరం. నెలసరి రోజుల్లో దూరపు పని పెట్టుకోకుండా తేదీలు ముందే చూసుకో. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

మనుషుల కంటే ముందు పొలమే చంపే సందర్భాలు ఉన్నాయి. అడవి పందుల కోసం చేను చుట్టూ కరెంటు తీగ పెడతారు. అది నేరమని అందరికీ తెలుసు, అయినా పెడతారు. పొద్దున్నే దిగేముందు రైతును నేరుగా అడుగు: "తీగ ఉందా? తీసినవా? చూపెట్టు." ఆయన ముందు నడవాలి, నువ్వు వెనక. అల్యూమినియం స్టాఫ్ (ఎత్తు కొలిచే కర్ర) ఐదు మీటర్లు సాగుతుంది, పొలాల మీద వైర్లు కిందికి వేలాడుతుంటాయి. తల ఎత్తి చూశాకే నిలబెట్టు. పాత బాయిలకు గోడ ఉండదు, తుమ్మ కంప కమ్మేసి ఉంటుంది. మిషను చూస్తూ వెనక్కి అడుగు వేయొద్దు. పాములకు మోకాలి దాకా బూట్లు. రక్తపింజర గడ్డిలో కదలకుండా పడుంటుంది, తొక్కితేనే తెలుస్తుంది. కాటు పడితే కట్టు బిగించొద్దు, కోయొద్దు, ఆ కాలు కదపకుండా 108లో సర్కారు దవాఖానాకు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటికీ ఇచ్చే మందు ఒకటే. పామును పట్టుకురావాల్సిన పని లేదు.

పెప్పర్ స్ప్రే కొనుక్కో. కానీ బయట పొలంలో గాలి ఎటు వీస్తే అటు పోతుంది, ఎదురుగాలైతే నీ కళ్లలోనే పడుతుంది. నేను మెడలో విజిల్ వేసుకుంటాను. దాని చప్పుడు నాలుగు చేన్ల అవతలికి వినిపిస్తుంది.

తర్వాత నువ్వు ఏదైనా కంపెనీలో కాలువ సర్వేకో, రోడ్డు సర్వేకో చేరితే ఇది గుర్తుంచుకో. నేను మూడేళ్లు ఒక ప్రైవేటు కంపెనీలో చేశాను. టీంలో నేనొక్కదాన్నే ఆడదాన్ని. లాడ్జిలో గది తక్కువైందని, "ఒక్క రాత్రే కదా, అడ్జస్ట్ అవ్వు" అన్నాడు మా పై ఆయన. ఆ రాత్రి పదకొండింటికి బస్టాండుకు పోయి, పొద్దున మొదటి బస్సు దాకా కూర్చున్నాను. సర్దుకుపోలేదని తర్వాత నెల జీతం ఆపారు. అప్పట్లో నాకు ఎక్కడికి పోవాలో తెలియలేదు. పనిచేసే చోట ఆడవాళ్లపై లైంగిక వేధింపులను ఆపడానికి వచ్చిన 2013 చట్టం ప్రకారం ఆఫీసు ఒక్కటే కాదు, పని మీద పోయిన ప్రతి చోటూ, వాళ్లు పెట్టిన బండీ పనిచేసే చోటు కిందికే వస్తాయి. పది మందికి తక్కువ ఉన్న సంస్థ అయినా, యజమాని మీదే ఫిర్యాదు అయినా జిల్లా స్థాయిలో స్థానిక కమిటీకి ఇవ్వొచ్చు. మూడు నెలల లోపు రాతలో ఇవ్వాలి. కారణం ఉంటే ఇంకో మూడు నెలలు గడువు ఇస్తారు. పోలీసు కేసుకైతే భారతీయ న్యాయ సంహిత సెక్షన్లు: మీద చేయి వేస్తే 74, అసభ్యంగా ప్రవర్తిస్తే 75, దారి అడ్డగిస్తే 126. ఏ పోలీసు స్టేషన్‌లోనైనా ఎఫ్‌ఐఆర్ రాయాలి, "మా పరిధి కాదు" అని పంపించేయడానికి వీల్లేదు. జీరో ఎఫ్‌ఐఆర్ అని గట్టిగా అడుగు. స్టేషన్‌కు ఒక్కదానివే పోలేకపోతే 181కి చేయి, లేదా జిల్లా కేంద్రంలో సఖి కేంద్రానికి పో, వాళ్లు వెంట వస్తారు.

ఇప్పుడు నీ చందంపేట పని. ఒప్పుకో, కానీ వచ్చే వారమే కాదు. ముందు రెండు పక్షాల ఇళ్లకూ వేర్వేరుగా పో, మిషను లేకుండా, పగలు. పిలిపించినవాడి ఇంటికే పోయి చాయ్ తాగి వస్తే అవతలివాడికి నువ్వు అప్పుడే అమ్ముడుపోయినట్టు. ఇద్దరితోనూ అవే మాటలు చెప్పు: ఏ తేదీ, ఎవరెవరు రావాలి, ఆ రోజు లెక్క చెప్పను అని. చుట్టూ ఎనిమిది మంది పట్టాదారులు ఉన్నారన్నావు, ఎనిమిది నోటీసులూ అందాలి. రెండో పక్షంవాడు నిన్ను గడప కూడా ఎక్కనీయకపోతే, అక్కడితో ఆగి, బందోబస్తుకు కాగితం పెట్టు. ప్రిజం పట్టుకునే మనిషి అప్పటికి దొరకకపోతే తేదీ నాకు చెప్పు. మా అత్తను తీసుకుని నేనే వస్తాను, ఆ రోజు మిషను దగ్గర నువ్వుండు, ప్రిజం నేను పట్టుకుంటా.